అత్తగారి చేతిలో ఇనుప గుండు

"కదలకు," అంది అత్తగారు, పైకప్పు నుంచి వేలాడుతున్న ఇనుప గుండును కోడలి ముక్కుకు ఆనించి.

"సార్, నాకు వేరే జోడీని ఇవ్వండి," అంది కోడలు, గోడకు అతుక్కుపోయి.

ఫిజిక్స్ క్లాసంతా ఘొల్లుమంది. అత్తాకోడళ్లిద్దరూ ఈ ఏడాదే కాలేజీలో చేరారు.

"భయమెందుకమ్మా? తొయ్యకుండా వదిలితే, గుండు బయల్దేరిన చోటు దాటి రాదు. నమ్మి నిలబడితే ఇద్దరికీ పది మార్కులు," అన్నాడు లెక్చరర్.

"తొయ్యకుండా వదిలితే కదా సార్. పొద్దున్నే మా ఇద్దరికీ మాటామాటా అయింది."

అత్తగారు గుండు వదిలేసింది.

అది గది అవతలి దాకా వెళ్లి వెనక్కి వస్తోంది. కోడలు కళ్లు గట్టిగా మూసుకుంది. టప్పుమని చప్పుడైంది. కళ్లు తెరిస్తే, ముక్కు ముందు అత్తగారి చెయ్యి అడ్డంగా ఉంది. వేళ్లు ఎర్రబడ్డాయి.

"మార్కులు పోయాయమ్మా. మీరు ఫిజిక్స్‌ని నమ్మలేదు," అన్నాడు లెక్చరర్.

"దాన్ని నమ్మాను సార్. దీన్నే నమ్మలేదు. భయమేస్తే ముందుకు వంగుతుంది."

నిజమే. కోడలి తల గోడను వదిలి జానెడు ముందుకొచ్చి ఉంది. ఆమె ఆ చేతిని పట్టుకుని, వేళ్లు ఒత్తసాగింది.

"మెల్లగా," అంది అత్తగారు. "బట్టలు పిండుతున్నావా?"