బోర్డుకి ఇస్త్రీ

అమ్మ బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తోంది. బట్టలకి కాదు, అన్నయ్య స్నోబోర్డుకి.

రెండు పీటల మీద దాన్ని బోర్లా పెట్టింది. పెట్టెకి కొవ్వొత్తి ఆనించగానే మైనం చుక్కలుగా బోర్డు అడుగున పడుతోంది. బోర్డు మంచు మీద నున్నగా జారాలని ఆ చుక్కల్ని పెట్టెతో పామి, ఆగి, కిటికీలోంచి కొండ వైపు చూస్తోంది. మళ్ళీ పాముతోంది.

ఆ బోర్డు ఏడాదిగా పశువుల కొట్టంలో గడ్డి కింద ఉంది. దాచింది అమ్మే. నిన్న సాయంత్రం బయటికి తీసిందీ అమ్మే.

నేను ఆకుకూర తుంచుతూ చూస్తున్నాను.

పోయిన చలికాలం గుల్‌మర్గ్ పై కొండ మీద మంచు విరిగి జారింది. అన్నయ్య పక్కనే ఉన్న స్నేహితుడు యావర్‌ని కప్పేసింది. అన్నయ్య చేతులతో తవ్వాడు. యావర్ దొరికాడు. అప్పటికే ఊపిరి లేదు.

ఆ తర్వాత అన్నయ్య గది దాటలేదు. నిద్రపోలేదు. కాళ్ళు సన్నబడి సల్వార్ వదులైపోయింది.

ఈ చలికాలం ఒకరోజు అమ్మ, మేం రోజూ తాగే ఉప్పు చాయ్‌లో ఉప్పు వేయడం మర్చిపోయింది. ఇదివరకైతే, "ఉప్పు ధర పెరిగిందా అమ్మా?" అని ఏడిపించేవాడు. ఆ రోజు కప్పంతా తాగి కింద పెట్టాడు.

ఆ తర్వాత అమ్మ తను తాగి చూసుకుంది. మర్నాడే శ్రీనగర్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం.

డాక్టరు మాత్రలు రాశాడు. మళ్ళీ బోర్డు ఎక్కమన్నాడు.

"పై కొండ వద్దు. పిల్లలు జారే వాలు చాలు. ఒళ్ళు అలిస్తే నిద్ర వస్తుంది, కాళ్ళకి సత్తువ వస్తుంది. బోర్డు మీద ఉన్నంతసేపూ మనసు పాదాల దగ్గరే ఉంటుంది. వెనక్కి పోదు."

తిరుగు బస్సులో అమ్మ నా చెవిలో అంది. "ఈయన చదువుకున్నాయనేనా? మంచు పెట్టిన జబ్బుకి మంచే మందంటాడు."

అద్దె బోర్డుతో అన్నయ్యని నేనే తీసుకెళ్ళాను. మొదటి రోజు మంచులో కూర్చుని వచ్చేశాడు.

రెండో రోజు జారాడు. పడ్డాడు. గడ్డం నిండా మంచుతో లేచి, రొప్పుతూ, బోర్డు చంకన పెట్టుకుని మళ్ళీ వాలు ఎక్కాడు. వద్దన్నా వినలేదు.

ఆ పూట అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. పెందలాడే నిద్రపోయాడు.

అమ్మకి నమ్మకం కుదరలేదు. అన్నయ్య ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి కూర్చుంది. సంతోషించాలో భయపడాలో మా ఇద్దరికీ తెలియలేదు.

ఇప్పుడు తలుపు దగ్గర బూట్ల మంచు దులిపిన చప్పుడైంది. జూనీ పెద్దమ్మ. యావర్ వాళ్ళమ్మ.

అమ్మ గబుక్కున తన ఫెరన్, పొడుగు ఉన్ని అంగీ, విప్పి బోర్డు మీద కప్పింది.

"ఏం ఖతీజా, బోర్డుకి పెళ్ళి చేస్తున్నావా, ఇంత ఇస్త్రీ?" అంటూ పెద్దమ్మ వచ్చి ఆ ఫెరన్ లాగేసింది. "మైనం అంటితే వదలదు. నాదొకటి అలాగే పోయింది."

అమ్మ తల వంచుకుంది.

పెద్దమ్మ పీట పక్కన చతికిలబడింది. "పెట్టె ఇటివ్వు. పొగ రావడంలేదూ? ఇంత వేడి పనికిరాదు. మావాడు నా పెట్టెని ఇలాగే తగలేసేవాడు."

"పంపాలో ఆపాలో నాకేం తెలియడంలేదక్కా."

"కొవ్వొత్తి సరిగ్గా పట్టుకో. చుక్క పక్కన పడుతోంది."

అమ్మ కొవ్వొత్తిని రెండు చేతులతో పట్టుకుంది.

"పైకి వెళ్తాడా?" అంది పెద్దమ్మ నావైపు చూడకుండానే.

"లేదు పెద్దమ్మా. కింది వాలు దాకే."

"మావాడూ అలాగే చెప్పేవాడు."

చుక్కని నెమ్మదిగా అంచు దాకా పామింది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. అన్నయ్య గడపలోనే ఆగిపోయాడు. ఈ ఏడాదిలో ఆవిడ ముందుకి ఒక్కసారీ రాలేదు.

పెద్దమ్మ తల ఎత్తలేదు. "ఆరనీరా షౌకత్. వేడి మీద ముట్టుకోకు."

మైనం గట్టిపడ్డాక పాత చెక్క గరిటె అంచుతో గీకింది. పొడి రాలింది. తలగుడ్డ కొంగుతో తుడిచి, అరచెయ్యి వేసి నిమిరి చూసింది. బోర్డుని గోడకి ఆనించింది.

అమ్మ అందరికీ చాయ్ పోసింది. రొట్టెలు ముందు పెట్టింది.

అన్నయ్య గోడ వారగా కూర్చుని ఒక గుక్క తాగి ఆగాడు.

కప్పులోకి చూశాడు. అమ్మ వైపు చూశాడు.

చెయ్యి చాచి గూట్లోంచి ఉప్పు డబ్బా తీశాడు. చిటికెడు వేసుకుని, రొట్టె ముక్కతో కలిపి, మొత్తం తాగాడు.

లేచి బోర్డు చంకన పెట్టుకుని బయటికి వెళ్ళాడు.

తలుపు తెరిచే ఉంది. చలి లోపలికి వస్తోంది. ఎవరూ లేవలేదు.

అమ్మ ఉప్పు డబ్బా మూత చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

జూనీ పెద్దమ్మ తన కప్పులోంచి ఒక గుక్క తాగి చూసింది. డబ్బాని తనవైపు జరుపుకుంది.