కదలొద్దు!

"ఆ పంపు నోరు మూయించమ్మా!" కోస్తూనే కసిరాడు పెద్ద సర్జను.

"మూయించను సార్," అంది మత్తు డాక్టరు. రోగికి మూడు మందులు కలిపి ఎక్కించే సన్నటి గొట్టంలో ఒత్తిడి పెరిగిపోతోందని ఆ మందుల పంపు మొత్తుకుంటోంది. ఆవిడ వంగి, రోగి మీద కప్పిన గుడ్డ కిందికి తొంగిచూసింది. రోగికి సూది పెట్టిన చేతి మీద సర్జనుగారి బొజ్జ దర్జాగా ఆనుకుని ఉంది!

ఆవిడ ఆ సంగతి చెప్పగానే ఆయన వెనక్కి జరగబోయాడు.

"కదిలారంటే ఊరుకోను! గొట్టంలో బిగిసిన మందంతా ఒక్కసారే గుండెకెళ్తుంది."

ముప్పయ్యేళ్లుగా అందర్నీ హడలగొట్టిన మనిషి బొమ్మలా నిలబడిపోయాడు.

ఆవిడ సూది దగ్గర గొట్టం విప్పింది. మందు చివ్వున చిమ్మి ఆయన బూటు మీద పడింది.

"ఊఁ, ఇప్పుడు జరగండి," అని గొట్టం మళ్లీ తగిలించింది.

కాసేపటికి పంపు మళ్లీ కూసింది. సర్జను కత్తి ఆపాడు.

"జరగమంటారా, డాక్టరుగారూ?"