పుక్కిలింత నీళ్లు

ఇప్పుడు ప్రతి కుళాయికీ క్రిములు లెక్కపెట్టే దీపం ఉంది. ఊరంతా ఎర్రగానే వెలుగుతాయి, తాగొద్దని. పచ్చగా వెలిగేది పళ్లాసుపత్రి కుర్చీ పక్క కుళాయి ఒక్కటే. రోజూ పొద్దున్నే దాని గొట్టాలు మందుతో కడిగేది ఆయా నూకరత్నం. పుక్కిలించే నీళ్లు ఎవరూ దాహానికి మింగకుండా కాపలా కాయడమూ ఆమె పనే. మింగనిస్తే ఉద్యోగం ఊడుతుంది.

ఆ రోజు అప్పలస్వామి అనే ముసలాయన పంటినొప్పని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“ఏ పన్ను తాతా?”

ఆయన నోరు తెరిచాడు. ఒక్క పన్నూ లేదు.

నూకరత్నం గ్లాసు నింపి చేతికిచ్చి, గోడవైపు తిరిగింది. వెనక గుటకలు వినబడ్డాయి.

“తగ్గిందా?”

“తగ్గిందమ్మా. మా ముసల్ది బయట కూకుంది. దానికీ నొప్పే.”

“పళ్లున్నాయా?”

“ఒకటుంది.”

“అది చాల్లే, పిలు.”