పిల్లలకు కాపలా

“డాక్టరమ్మా, కూనను నోట కరుచుకుంది! వదలండి నన్ను!”

చిరుతల కాపరి కెమెరా గది గుమ్మం వైపు దూకబోయాడు. జూ డాక్టరు అతని చెయ్యి వదల్లేదు. కెమెరా తెరమీద తల్లి చిరుత, మూడు రోజుల కూనను మెడ దగ్గర పట్టుకుని, బోనులో ఆ మూల నుంచి ఈ మూలకు పిచ్చిపట్టినట్టు తిరుగుతోంది.

“పోయినసారీ ఇలాగే తిప్పింది. నేను ఆపుదామని బోను దగ్గరికి పరిగెత్తగానే రెంటినీ చంపేసింది. అందుకే ఈసారి బోను ముందే కూర్చున్నాను, రెప్ప వెయ్యకుండా. ఇప్పుడు మీరు పిలిస్తేనే లేచాను.”

“నువ్వు లేనప్పుడు అదేం చేస్తుందో ఎప్పుడైనా చూశావా, బాబాయ్?”

“లేనప్పుడు ఎలా చూస్తానమ్మా?”

“అందుకే పిలిచాను. ఐదు నిమిషాలు ఆగు.”

“దానికేమైనా అయితే ఆ పాపం మీదే.”

“నాదే.”

చిరుత ఆగింది. ఊచల వైపు చెవులు రిక్కించి చాలాసేపు విన్నది. అడుగుల చప్పుడు లేదు. మెల్లగా కూనను రెండోదాని పక్కన దించి, నాకి, ఒత్తిగిలి పడుకుంది. రెండు కూనలూ తడుముకుంటూ పాలకు చేరాయి.

కాపరి తెరకు దగ్గరగా వంగాడు. “అయితే పోయినసారి... నేను వెళ్లబట్టేనా?”

డాక్టరు అతని చెయ్యి వదిలింది. “నువ్వు ప్రేమతోనే వెళ్లావు బాబాయ్. అది దానికి తెలీదు. భయపడిపోయింది.”

అతను నడుముకున్న తాళాలు విప్పి బల్లమీద పెట్టాడు.

“నన్ను జింకల వైపు వెయ్యండమ్మా. కూనలు కళ్లు తెరిచిన రోజు మాత్రం ఒక్క కబురు పెట్టండి. ఇక్కడే నిలబడి చూసి వెళ్లిపోతాను.”