గురప్ప కోపానికి ముత్యం

“మా ఇంటాయనకు కోపం శానా. చల్లబరిచే ముత్యం ఒకటి సూపించప్పా,” అంది సుబ్బులమ్మ, అంగట్లో అడుగు పెడుతూనే.

తిరుపతి ముత్యాల అంగడి జయరామ్ ఎర్రగుడ్డ పరిచి మూడు పెట్టాడు.

“ఇది బస్రాది అక్కా. అరబ్బు దిక్కు సముద్రంలో మనుషులు మునిగి ఏరినారు. ఇప్పుడు రావడమే లేదు, పాత హారంలోంచి విప్పింది. ఇది జపానుది. ఆల్చిప్పలో గింజ పెట్టి పెంచుతారు. అదీ మంచిదే.”

“ఈ మూడోది?”

“గాజుపూస. పైన చేప పొలుసు పూత.”

“చేప పూసిన గాజును నా ముందర పెడతావా? నీ కంటికి నేనెట్లా కనబడతా ఉండాను?”

ఆ గొంతుకు పక్క అంగడివాళ్ళు తొంగిచూశారు. జయరామ్ గబగబా గాజుపూస తీసేయబోయాడు.

“ఉండనీ. అదీ కావాల,” అంది సుబ్బులమ్మ.

గురప్పకు చంద్రబలం తక్కువనీ, వెండి ఉంగరంలో ముత్యం పెట్టుకుంటే మనసు చల్లబడుతుందనీ జ్యోతిష్యుడు మునిరామయ్య చెప్పాడు. “నాకవి తెలవవు, నువ్వే చూసి కొనుక్కునిరా,” అని గురప్ప బోనసు డబ్బు తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. అతనిది రేణిగుంటలో బొగ్గు ఇంజన్ల షెడ్డులో పని. చేతినిండా నూనె, మసి. అలాంటి చేతికి బస్రా ముత్యమంటే సుబ్బులమ్మకు మనసొప్పలేదు. బస్రాదాన్ని పంటికి రాసి చూసింది. గరగరమంది, అసలుదే. అది తన ముక్కుపుడకకు, గాజుపూస మొగుడి ఉంగరానికి.

సోమవారం పొద్దున మొగుడి చిటికెనవేలికి ఉంగరం తొడిగి, “నీదే అసలుది. నాది మిగిలిన చిల్లరతో కొన్న గాజు,” అంది. గురప్ప ఉంగరాన్ని కళ్ళకద్దుకున్నాడు.

ఆనాటినుంచి సుబ్బులమ్మకు కొత్త చిక్కు వచ్చిపడింది. గొంతు పెంచితే మొగుడు ముఖంలోకి చూస్తాడు. చూస్తే ముక్కున మెరిసేది కనబడుతుంది. అందుకని తల వంచుకుని మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. గురప్ప పుచ్చు వంకాయలు తెస్తే పుచ్చు తీసేసి కూర వండింది. మునుపైతే సంచీ వీధిలో పడేది. ఆ కూర మాడినా గురప్ప “బాగుండాది” అని తిన్నాడు.

గాజుపూసకే ఇంత చల్లబడ్డాడే అని ఆమె ఆశ్చర్యపోయింది.

“మీ ఇంట్లో కేకే వినబడలేదు. ఊరికి పోయినారనుకున్నా,” అంది పక్కింటి కుప్పమ్మ.

“మా ఇంటాయన కోపమంతా పోయిందక్కా. ముత్యం మహిమ.”

కుప్పమ్మ నవ్వు దాచుకుంటూ లోపలికి పోయింది.

పై వారం సుబ్బులమ్మ అరటిపండ్లు, తాంబూలం పట్టుకుని మునిరామయ్యకు దండం పెట్టుకుందామని వెళ్ళింది. వాకిట్లోనే లోపలి మాటలు వినబడి ఆగింది.

“ఏమప్పా గురప్పా, ముత్యం పని చేసిందా?” అంటున్నాడు జ్యోతిష్యుడు.

“బ్రహ్మాండంగా చేసింది సామీ,” అన్నాడు గురప్ప, ఎప్పటిలాగే నిదానంగా. “మా యామె కోసమని చెప్పుంటే అసలుది ముక్కుకు పెట్టుకునేదే కాదు.”