పిప్పరమెంటు గీత

చుట్టూ ఉన్న గాలిని పీల్చుకుని, అందులో ఏమేం కలిసున్నాయో చెప్పే కొత్తరకం మాస్ స్పెక్ట్రోమీటర్ అది. దాని ముక్కులాంటి వంపు గొట్టం మాస్టారి ఆలోచన. ఆయన పోయి మూడు నెలలైంది. పేటెంట్ దరఖాస్తులో శిష్యురాలి పేరొక్కటే ఉంది.

"ఇంకా ఆ మిషన్‌కి కాపలా కాస్తున్నావా?" ఫోన్లో ఆమె భర్త నవ్వాడు. "ఆ దరఖాస్తేదో పంపేసి ఇంటికి రా. పోయినాయన లేచొచ్చి వాటా అడుగుతాడా ఏంటి?"

ఆమె నవ్వలేకపోయింది. ఫోన్ పెట్టేసి, రోజూలాగే చివర్లో ఏ నమూనా పెట్టకుండా వట్టి గాలితో ఒకసారి పరీక్ష పెట్టింది. తెర మీద గీత తిన్నగా సాగాలి. కానీ పిప్పరమెంటుకు ఘాటిచ్చే మెంథాల్‌ని చూపించే చోట అది లేచింది, పడింది, మళ్ళీ లేచింది. ఎవరో తీరిగ్గా ఊపిరి తీసి వదులుతున్నట్టు. పిప్పరమెంటు బిళ్ళలు ఆమెకు పడవు. రోజంతా చప్పరించేది మాస్టారే.

ఆమె ఊపిరి బిగబట్టింది. గీత ఆగలేదు.

దరఖాస్తు తెరిచి, తన పేరుకు పైన ఆయన పేరు చేర్చింది. గీత చదునైపోయింది. గదిలో మోటారు చప్పుడొక్కటే మిగిలింది.

హమ్మయ్య అనుకుంది. ఇక పంపడమే. మీట మీద వేలుంచి, పైనున్న ఆయన పేరు చూసి ఒక్క క్షణం తటపటాయించింది.

గీత లేచింది. ఈసారి ఎవరో గొట్టం మీదికి వంగి ఊదినంత ఎత్తుకు.