జానెడు మట్టి

ఆ కొండవాలు మీద మట్టి జానెడే. అందులోనూ సగం గులకరాళ్లు. దాని కింద అంతా బండ. ఆ కాస్త మట్టినీ గడ్డివేళ్లు గట్టిగా పట్టుకుని ఉండేవి. మేకలు ఆ గడ్డిని పైపైన మేసి వెళ్లిపోయేవి. కౌజుపిట్ట గడ్డి చాటున, నేలమీదే గుడ్లు పెట్టుకునేది.

ఒక ఏడు వరదకి కొండ కింది పొలాలన్నీ మునిగితే, నిండుచూలాలైన ఎలుక ఒకటి కొండెక్కి వచ్చింది. వచ్చీ రాగానే బొరియ తవ్వబోయింది.

"ఇక్కడ తవ్వకు చెల్లీ, లోతు లేదు. నాలాగే గడ్డి చాటున పడుకో," అంది కౌజు.

"నల్లరేగడిలో పుట్టినదాన్ని అక్కా. మూరెడు లోతున దాచకపోతే పిల్లల్ని గద్ద ఎత్తుకుపోదూ?"

ఎలుకని తిట్టి లాభం లేదు. దాని ఊళ్లో అదే పద్ధతి. తవ్వింది, బండ తగిలింది. పక్కన తవ్వింది, అక్కడా బండే. అడ్డొచ్చిన వేళ్లన్నీ కొరికేసింది. కాన్పు రోజుకి వాలంతా గుంటలే.

మర్నాడు పెద్దవాన పడింది. గుంటల్లో నీళ్లు నిండాయి. పట్టుకునే వేళ్లు లేక మట్టి జారిపోయింది. గుడ్లూ, కళ్లు తెరవని ఎలుకపిల్లలూ దాంతోపాటే వాగులో కలిసిపోయాయి. తల్లులిద్దరే మిగిలారు.

వాన తెరిపిచ్చాక ఎలుక వచ్చి చూస్తే, ఉత్త బండమీద కౌజు పొదుగుతూ కూర్చుని ఉంది. దాని రెక్క కింద గుండ్రటి గులకరాయి.

"అది గుడ్డు కాదక్కా," అంది ఎలుక ఏడుస్తూ.

"తెలుసు చెల్లీ. మన మట్టి కూడా ఒకప్పుడు రాయేనని మా అమ్మ చెప్పేది. ఎన్నాళ్లు పొదిగితే మట్టి అవుతుందో మాత్రం చెప్పలేదు."